పురి విప్పే పనివారు

జనుము నారతో పలుపు పేనిన చేతులకు ఈ సంగతి తెలుసు. రెండు పురుల తాడును ఒక కొస గుంజకు కట్టి, రెండో కొస నుండి పురులను చెరొక చేత పట్టి విడదీస్తూ పోండి. కొంత దూరం వస్తాయి. ఆ తరువాత ముందున్న తాడు బిగిసి మెలికలు పడుతుంది. ఇక లాగినా రాదు.

మన పొలంలోని వరి మొలకకూ ఇదే చిక్కు. తల్లి మొక్క గుణాలను పిల్ల మొక్కకు అందించే డి.ఎన్.ఎ. రెండు పోగుల తాడు. దాని రూపాన్ని 1953లో వాట్సన్, క్రిక్ వివరించారు. వరిలో ఒక్క వరుస డి.ఎన్.ఎ.కు దాదాపు 4 కోట్ల చుట్లు ఉంటాయి. కణం రెండు కావాలంటే ముందు ఆ పోగులు విడివడి, ఒక్కొక్కదానికి కొత్త జత తయారు కావాలి. ఇంత పురి విప్పేదెవరు?

మార్కు సువార్త 4వ అధ్యాయంలోని విత్తనపు ఉపమానం కోత పండుగలలో మనం వింటూనే ఉంటాం. రైతు నిద్రపోయినా మొలక ఆగదు, అది ఎలా పెరుగుతుందో అతనికి తెలియదు. ఆ తెలియనిదానిలో చిన్న ముక్క 1971లో తెలిసింది. అమెరికాలో జేమ్స్ వాంగ్ ఒక సూక్ష్మజీవిలో పురి సడలించే ఎంజైమును కనుగొన్నారు. ఈ జాతి ఎంజైములకు టోపోఐసోమరేజ్‌లని పేరు. పేరు కష్టమే గాని పని తేలికగా అర్థమవుతుంది. ఒక రకం ఒక పోగును కోసి, బిగువు సడలాక మళ్ళీ అతికిస్తుంది. మరో రకం రెండు పోగులనూ కోసి, ఆ సందులోంచి ఇంకో తాడును దాటించి అతికిస్తుంది. కోసిన కొసను మాత్రం వదలదు. మాకు అన్నిటికన్న ఆశ్చర్యం కలిగించింది ఇదే.

ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఈ ఎంజైములు లోపిస్తే ఏమవుతుందో 2002లో చూశారు. మొదటి రకంలో ఒకటి చెడితే, కాండం మీద ఆకులు పుట్టే వరుస తప్పింది. ఆరవ రకం చెడిన మొక్కలు మరుగుజ్జులయ్యాయి. మొక్కల కణాలు చాలా వరకు చీలకుండానే డి.ఎన్.ఎ.ను మళ్ళీ మళ్ళీ రెట్టింపు చేసుకొని పెద్దవవుతాయి. ఈ మొక్కలలో ఆ రెట్టింపు మధ్యలోనే ఆగిపోయింది.

ఈ అతుకుకు అడ్డుపడే విషాన్ని తయారుచేసే చెట్లూ ఉన్నాయి. చైనాలోని ఒక చెట్టు నుండి కాంప్టోథెసిన్‌ను 1966లో మన్రో వాల్, మన దేశంలో పుట్టిన మన్‌సుఖ్ వాణి వేరుచేశారు. మన పడమటి కనుమలలోని ఒక చెట్టులోనూ అది ఉంది. కోసిన పోగును అది అతకనివ్వదు, కణం చస్తుంది. మరి ఆ చైనా చెట్టు ఎలా బ్రతుకుతోంది? దాని ఎంజైములో ఒక్క చిన్న భాగం మారి ఉందని, అందుచేత విషం దానిని పట్టలేదని 2008లో తేలింది.

త్వరత్వరగా చీలే క్యాన్సర్ కణాలపై ఈ విషాన్ని వాడి చూశారు గాని, రోగులకు కలిగిన హాని వలన 1970ల ఆరంభంలో ఆ ప్రయత్నం ఆపివేశారు. దాని రూపం మార్చి చేసిన టోపోటికాన్, ఇరినోటికాన్ మందులకు అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. అండాశయ, పెద్దప్రేగు క్యాన్సర్లకు వీటిని ఇస్తారు. రక్తకణాలు తగ్గిపోతాయి గనుక రక్తపరీక్ష చేసి చూచుకొంటూ ఎక్కిస్తారు. క్యాన్సర్‌కు మందు చెట్టులోనే ఉందని విని, వేరో బెరడో కాచి త్రాగుదామనుకొనే వారికి ఇది తప్పక చెప్పండి. కషాయంలో విషం ఎంత దిగిందో కొలిచేవారు ఇంట్లో ఎవరూ ఉండరు.