నాన్న మాత్ర టైమ్ దాటితే...

నాన్న ఫోన్‌లో రోజుకి ఐదుసార్లు అలారం మోగుతుంది. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. మోగగానే లెవోడోపా మాత్ర వేసుకోవాలి. ఆయనకి పార్కిన్సన్స్ వచ్చి ఏడేళ్లయింది. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను కాబట్టి 'నాన్న సర్వర్ కూడా టైమ్‌కి రీస్టార్ట్ అవ్వాలి' అని జోకులేసేవాణ్ణి. హెర్నియా ఆపరేషన్ రోజుతో ఆ జోకులు ఆగిపోయాయి.

పొద్దున ఎనిమిదికి ఆపరేషన్ అన్నారు. రాత్రి పన్నెండు దాటాక మంచినీళ్లు కూడా ముట్టొద్దని సిస్టర్ చెప్పింది. సరేనని మాత్రలు కూడా ఆపేశాం. ఎవర్నీ అడగలేదు. అడగాలన్న సంగతే మాకు తెలీదు. మధ్యలో ఏదో ఎమర్జెన్సీ కేసు వచ్చి ఎనిమిది కాస్తా పన్నెండయింది. స్ట్రెచర్ దగ్గరికి వచ్చేసరికి నాన్న కర్రలా బిగుసుకుపోయారు. "భయంగా ఉందా నాన్నా?" అంటే పెదాలు కదిలాయి, మాట రాలేదు. "పెద్దాయన టెన్షన్ పడుతున్నారు" అన్నాడు వార్డ్ బాయ్. అది టెన్షన్ కాదు. అప్పటికి మాత్ర లేక పద్నాలుగు గంటలు.

పార్కిన్సన్స్‌లో మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. ఆ లోటుని మాత్ర పూడుస్తుంది, అదీ కొద్ది గంటలే. అది అందకపోతే నడక మాత్రమే కాదు, మింగడం, దగ్గడం, ఊపిరి బలంగా తీసుకోవడం కూడా కష్టమవుతాయి. ఆపరేషన్ తర్వాత సరిగ్గా దగ్గలేకపోతే, మింగినది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంది. మందు హఠాత్తుగా ఆగిపోతే కొందరికి తీవ్రమైన జ్వరం, కండరాల బిగువు, స్పృహ తప్పడం దాకా వెళ్లి ప్రాణం మీదికొస్తుంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొడవంతా ఆ తర్వాతే. వాంతి అవుతోందని మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. వాంతులకి మామూలుగా వాడే మందే. కానీ అది మెదడులో డోపమైన్ పనిని అడ్డుకుంటుంది. అసలే డోపమైన్ తక్కువున్న మనిషి! ఆ రాత్రి నాన్న మంచం మీద పక్కకి కూడా తిరగలేకపోయారు. గోడ మీద చీమలు పాకుతున్నాయన్నారు. అమ్మ చీర కొంగుతో ఆ ఉత్తి గోడనే తుడుస్తూ కూర్చుంది. కలవరిస్తున్నారని హాలోపెరిడాల్ ఇద్దామన్నారు. అదృష్టం, అప్పుడే మా న్యూరాలజిస్ట్ ఫోన్ ఎత్తారు. "అది అసలు వద్దు, ముందు మాత్రలు మొదలుపెట్టమనండి" అన్నారు. మామూలు మనిషవడానికి తొమ్మిది రోజులు పట్టింది.

నాకు కోపం వచ్చింది, దాచను. కానీ అందులో సగం నా మీదే. నాన్న న్యూరాలజిస్ట్ ఒక ఆసుపత్రిలో, సర్జన్ ఇంకో ఆసుపత్రిలో. ఇద్దరి మధ్య ఉన్నది నేనొక్కణ్ణే. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2018లో ఒక ప్రమాణం పెట్టింది. ఆసుపత్రిలో ఉన్న పార్కిన్సన్స్ పేషెంట్‌కి లెవోడోపా తన టైమ్‌కి 30 నిమిషాల్లోపు అందాలి. ఇక్కడ చాలాచోట్ల ఆ లెక్క చూసుకోవాల్సింది మనమే.

ఈ ఏడాది నాన్న బాత్రూమ్‌లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఈసారి ఒక కాగితం రాసుకుని వెళ్లాను: ఏ మాత్ర, ఎంత, ఎన్నింటికి, ఏవి ఇవ్వకూడదు. మత్తు డాక్టర్ గారు కూర్చుని మొత్తం చదివారు. నాన్న రాసాజిలిన్ కూడా వాడతారని చూసి పెథిడిన్, ట్రమడాల్ రెండూ వద్దని కేస్ షీట్‌లో రాశారు. రాసాజిలిన్, సెలిజిలిన్ వాడేవాళ్లకి ఆ నొప్పి మందులు ప్రమాదకరం. వాంతులైతే ఆన్‌డాన్‌సెట్రాన్ ఇస్తామన్నారు. "మెదడులో పేస్‌మేకర్ లాంటిదేమైనా పెట్టారా?" అని కూడా అడిగారు. డీబీఎస్ పరికరం ఉన్నవాళ్లకి రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరంతో ఇబ్బంది రావచ్చట. నాన్నకి అది లేదు. లిస్టులో మొదటి ఆపరేషన్‌గా వేసి, వెన్నులో మత్తు ఇస్తామన్నారు. మెలకువగా ఉంటే మాత్ర త్వరగా మింగొచ్చు. ఆరు గంటల మాత్ర గుక్కెడు నీళ్లతో వేసుకోమన్నారు. (ఇది ఆయన మా నాన్నని చూసి చెప్పిన మాట. మీ ఇంట్లోవాళ్ల సంగతి వాళ్ల డాక్టర్‌నే అడగండి, సొంతంగా మార్చొద్దు.)

తొమ్మిదిన్నరకల్లా ఆపరేషన్ అయిపోయింది. పదింటికి నా జేబులో నాన్న ఫోన్ మోగింది. రికవరీ గది తలుపు కొడదామనుకునేలోపే సిస్టర్ మాత్ర తీసుకుని లోపలికి వెళ్తోంది. తలుపు సందులోంచి చూశాను. నాన్న చెయ్యి చాచి అందుకున్నారు. రిటైర్డ్ లెక్కల మాస్టారు కదా, గోడ గడియారం చూసి అన్నారు:

"ఆరు నిమిషాలు లేటమ్మా."