వేణ్ణీళ్ళు సరే, పొగ ఎటు పోతోంది?

మా అమ్మమ్మగారి పెరట్లో, బావి పక్కన, ఒక రాగి బాయిలర్ ఉండేది. నడిమధ్యలో నిలువు గొట్టం, చుట్టూ నీళ్ళు, అడుగున బూడిద రాలే ఇనుప జల్లెడ. గొట్టంలో కొబ్బరి డొక్కలు, ఎండు పుల్లలు వేసి రాజేస్తే మంట నడుమ, నీళ్ళు చుట్టూ. పావుగంటలో పక్క కుళాయి తిప్పితే పొగలు కక్కే వేణ్ణీళ్ళు వచ్చేవి. అమెరికా ఇళ్ళ బేస్‌మెంట్లలో నిలబడి ఉండే గ్యాస్ వాటర్ హీటర్‌ని నిలువునా కోసి చూస్తే కనిపించేదీ అదే అమరిక: అడుగున మంట, నడుమ పొగగొట్టం, చుట్టూ నీళ్ళు. తేడా ఒక్కటే. అమ్మమ్మ బాయిలర్ ఆరుబయట ఉండేది కాబట్టి పొగ ఎటు పోతుందని ఎవరూ అడగలేదు. మంట ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ అసలు ప్రశ్న అదే.

మనం రోజూ అనే ‘గీజర్’ ఐస్‌లాండ్ మాట. అక్కడ నేలలోంచి ఎగజిమ్మే ఒక వేడినీటి బుగ్గ పేరు గేసిర్. లండన్‌లో రంగులు వేసే పని చేసుకునే బెంజమిన్ వాడీ మాన్ 1868లో, గ్యాస్ మంటతో అప్పటికప్పుడు నీళ్ళు కాచే యంత్రం తయారుచేసి దానికి ఆ బుగ్గ పేరు పెట్టాడు. ఇప్పుడు అమెరికాలో గీజర్ అంటే నేలలోంచి చిమ్మే నీటి బుగ్గే గుర్తొస్తుంది. బాత్రూంలో ఉండేదాన్ని గీజర్ అంటే మనకూ దక్షిణాఫ్రికా వాళ్ళకూ బాగా అర్థమవుతుంది. మాన్ యంత్రంలో ఒక పెద్ద లోపం ఉంది. పొగ బయటికి పోయే గొట్టమే లేదు. నూట యాభై ఏళ్ళు దాటాక కూడా మన దగ్గర చాలా చిన్న గ్యాస్ గీజర్లు అలాగే అమ్ముడవుతున్నాయని తలుచుకుంటే నాకు గుండె కలుక్కుమంటుంది.

నీళ్ళు నిల్వ ఉంచి తనంతట తానే వెలిగి ఆరిపోయే హీటర్‌ని 1889లో పిట్స్‌బర్గ్‌లో నార్వే ఇంజనీరు ఎడ్విన్ రూడ్ తెచ్చాడు. అతని పేరుతో హీటర్లు ఇప్పటికీ వస్తున్నాయి.

జర్మనీ కథ ఇంకా బాగుంటుంది. హ్యూగో యుంకర్స్ పేరు వినగానే చాలామందికి విమానాలు గుర్తొస్తాయి. 1915 డిసెంబరులో ఎగిరిన మొట్టమొదటి పూర్తి లోహపు విమానం ఆయనదే. అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1895లో, ఆయన డెసావులో పెట్టిన కంపెనీ చేసినవి స్నానపు గదుల గ్యాస్ హీటర్లు! పల్చటి రేకును వంచి, అతికి, వేడికి తట్టుకునేలా చేయడం ఆయనకు అక్కడే పట్టుబడింది. హీటర్ల మీద వచ్చిన డబ్బుతోనే విమానాల ప్రయోగాలు సాగాయి. 1932లో ఆ హీటర్ల వ్యాపారాన్ని బాష్ కంపెనీ కొనుక్కుంది.

ఇప్పుడు మన బాత్రూంలోకి వద్దాం. ఇక్కడ చిన్న లెక్క వేయాలి. ఒక కిలో ఎల్పీజీ పూర్తిగా కాలడానికి పదిహేను కిలోలకు పైగా గాలి కావాలి. అంటే దాదాపు 13 ఘనపు మీటర్లు, మన కొలతలో సుమారు 460 ఘనపు అడుగులు. నిమిషానికి 6 లీటర్ల గీజర్ పూర్తి మంట మీద గంటకు ఇంచుమించు కిలో గ్యాస్ తాగుతుంది. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్రూంలో ఉండే గాలి 240 ఘనపు అడుగులే. చలి అని కిటికీ, తలుపు బిగించి పది నిమిషాలు నీళ్ళు వదిలితే, ఆ గదిలో మూడో వంతు గాలికి సరిపడే ఆక్సిజన్‌ని మంట ఒక్కటే లాగేసుకుంటుంది. అక్కడ స్నానం చేసే మనిషి పీల్చేది వేరే. ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సరిగా కాలదు. కార్బన్ డయాక్సైడ్ కావలసింది కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. అందుకే మంచి గీజర్లలో ఇరవై నిమిషాలకు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. అది చూసి ధైర్యపడనక్కర్లేదు. పై లెక్క పది నిమిషాలకే!

‘ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా’ అంటారు చాలామంది. పొగగొట్టం ఉన్న హీటర్ దగ్గర ఆ ఫ్యానే ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. పొగ వేడిగా, తేలికగా ఉండటం వల్ల గొట్టంలో పైకి పోతుంది. ఆ లాగుడు చాలా సున్నితమైనది. మూసిన గదిలో ఫ్యాను గాలిని బయటికి తోస్తుంటే, ఆ లోటు తీర్చడానికి గాలి ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి వస్తుంది. దొరికే సందు పొగగొట్టమే అయితే పొగ వెనక్కి తిరిగి గదిలోకే దిగుతుంది. తలుపు కింద కాస్త ఖాళీ, వెంటిలేటర్‌కి తెరిచిన రెక్క ఉండాలనేది అందుకే.

గ్యాస్ లీకయితే వాసన వస్తుంది కదా? వస్తుంది, ఎందుకంటే ఆ వాసన కలిపినది. 1937 మార్చి 18న టెక్సాస్‌లోని న్యూ లండన్ అనే ఊళ్ళో, బడి కింద వాసనలేని సహజవాయువు పేరుకుని పేలిపోయింది. దాదాపు మూడు వందలమంది, ఎక్కువమంది పిల్లలు, చనిపోయారు. గ్యాస్‌కు వాసన కలపాలనే చట్టాలు ఆ తరవాతే వచ్చాయి. మన బండలో ఉన్నది ఈథైల్ మెర్కాప్టన్. అయితే మంటలో పడ్డాక అదీ కాలిపోతుంది. కాబట్టి కాలని గ్యాస్‌ని ముక్కు పట్టేస్తుంది గానీ, కాలీకాలని గ్యాస్‌ని పట్టలేదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు.

రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు గాలి పీలుస్తూ ఉంటే అందులో సగం వదలడానికే నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కు పెట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే ఆ సమయం గంటా గంటన్నరకు తగ్గుతుంది. కరోనా తరవాత ఇంటింటా చేరిన పల్స్ ఆక్సీమీటర్ ఇక్కడ మోసం చేస్తుంది. వేలికి పెట్టే ఆ పరికరానికి ఆక్సిజన్ పట్టుకున్న రక్తానికీ మోనాక్సైడ్ పట్టుకున్న రక్తానికీ తేడా తెలియదు. మనిషి స్పృహ తప్పి ఉన్నా 98 చూపించవచ్చు. బాత్రూంలో పడిపోయారని, మూర్ఛ వచ్చిందని ఆసుపత్రికి తెచ్చినవారిలో అసలు కారణం గీజర్ అని తేలిన సందర్భాలు మన దేశపు నాడీవైద్యులు ఎన్నో చూశారు. వైద్య పత్రికల్లో దానికి ‘గ్యాస్ గీజర్ సిండ్రోమ్’ అనే పేరే స్థిరపడింది. అలాంటప్పుడు డాక్టరుతో మొదట చెప్పవలసిన మాట, ‘గ్యాస్ గీజర్ వేసుకుని స్నానం చేస్తున్నారండీ’ అని.

పొగదారి మూసుకుపోయి చనిపోయిన ప్రముఖుల్లో ఫ్రెంచి నవలాకారుడు ఎమీల్ జోలా ఒకరు. 1902 సెప్టెంబరులో పారిస్‌లోని ఆయన ఇంట్లో పొయ్యి పొగగొట్టం పూడిపోయింది. పక్కనే ఉన్న భార్య బతికింది, ఆయన పోయాడు. 1977లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచిన అమెరికన్ టెన్నిస్ ఆటగాడు వీటాస్ గెరులైటిస్ 1994లో ఒక స్నేహితుడి అతిథిగృహంలో నిద్రలోనే కన్నుమూశాడు. కారణం ఈతకొలను నీళ్ళు కాచే గ్యాస్ హీటర్. దాని పొగగొట్టం సరిగా అమర్చలేదు, ఆ పొగ గాలి గొట్టాల వెంట ఆయన పడుకున్న గదిలోకి చేరింది. నలభై ఏళ్ళు ఆయనకు.

మంటలోంచి నీళ్ళు పుడతాయంటే వింతగా ఉంటుంది గానీ నిజం. 14.2 కిలోల గ్యాస్ బండ మొత్తం కాలితే దాదాపు 22 లీటర్ల నీళ్ళు ఆవిరై గాల్లో కలుస్తాయి. వంటింటి గోడలు చెమర్చడానికి అదీ ఒక కారణం. పొగగొట్టం ఉన్న హీటర్‌ని వెలిగించి, అయిదు నిమిషాలాగి, గొట్టం మొదట్లో చల్లటి అద్దం పెట్టి చూసే పాత పద్ధతి కూడా దీని మీద ఆధారపడిందే. అద్దం మసకబారిందా, పొగ పైకి పోకుండా గదిలోకి పొర్లుతోందన్నమాట.

లండన్, బర్మింగ్‌హామ్‌లలో ఉన్న మనవాళ్ళు చలికాలంలో గోడల నుంచి తెల్లటి ఆవిరి చిమ్మడం రోజూ చూస్తుంటారు. అవి కండెన్సింగ్ బాయిలర్లు. పొగలోని ఆవిరిని చల్లార్చి, అది నీరయ్యేటప్పుడు వదిలే వేడిని కూడా వాడుకుంటాయి. పొగ సుమారు 55 డిగ్రీల కిందికి దిగితేనే ఇది మొదలవుతుంది. ఇంగ్లండ్‌లో 2005 ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టే బాయిలర్లు, కొద్ది మినహాయింపులతో, ఈ రకమే కావాలి. జర్మనీలో వీటి మీద 108 శాతం సామర్థ్యమని రాసి ఉంటే కంగారు పడకండి. ఆవిరిలో పోయే వేడిని లెక్కలోంచి తీసేసి వంద కట్టే అలవాటు వాళ్ళది. ఆ పోయిన వేడి తిరిగి దొరికేసరికి లెక్క వంద దాటింది.

ఆ బాయిలర్ నుంచి కారే నీరు నారింజ రసమంత పుల్లగా ఉంటుంది. రాగినీ సిమెంటునూ తినేస్తుంది కాబట్టి దానికి ప్లాస్టిక్ గొట్టమే వేస్తారు. 2010 డిసెంబరు చలికి బ్రిటన్‌లో బయట వేసిన ఆ సన్నటి గొట్టాలు గడ్డకట్టి వేలాది బాయిలర్లు ఆగిపోయాయి. కావలసిన మందు ఏమిటంటే, గొట్టం మీద గోరువెచ్చటి నీళ్ళు! ఇంకో ముచ్చట. గోడకు బిగించే పాత రకం బాయిలర్ల గొట్టాన్ని వాన లోపలికి రాకుండా బయటివైపు కాస్త వాలుగా పెట్టేవారు. కొత్తవాటికి లోపలివైపు వాలు ఉండాలి, ఆ పుల్లటి నీరు వెనక్కి వచ్చి కాలువలో పడాలి కనక. చెయ్యి తిరిగిన మేస్త్రీ కూడా పాత అలవాటున తప్పుచేసే చోటిది.

అమెరికాలో పాత ఇళ్ళు కొనుక్కున్నవారికి ‘అనాథ హీటర్’ అనే మాట తెలియడం మంచిది. ఇటుకల చిమ్నీలో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు, నీళ్ళ హీటరు రెండూ కలిసి పొగ వదిలేవి. ఫర్నేసు మార్చి కొత్తది గోడలోంచి పొగ వదిలేలా పెట్టించుకుంటారు. ఇక అంత పెద్ద చిమ్నీకి చిన్న హీటర్ ఒక్కటే మిగులుతుంది. దాని పొగ ఆ గొట్టాన్ని వేడెక్కించలేదు. చల్లబడి, పైకి పోలేక, లోపలే నీరై సున్నాన్ని తినేస్తుంది. గొట్టం పెద్దదయితే మంచిదేగా అనుకుంటాం గానీ, పొగకు కావలసింది తనకు సరిపడా గొట్టం.

నాకు బాగా నచ్చిన ఏర్పాటు గొట్టంలో గొట్టం. లోపలి దాంట్లోంచి పొగ పోతుంది, చుట్టూ ఉన్న బయటి దాంట్లోంచి మంటకు కావలసిన గాలి వస్తుంది. గదిలోని గాలితో ఆ మంటకు పనే లేదు. పైగా లోపలికి వచ్చే గాలి దారిలోనే కాస్త వెచ్చబడుతుంది. బాత్రూంకి గ్యాసే కావాలనుకునేవారికి దీని తరవాతే ఏదైనా.

హైదరాబాదు, విజయవాడల్లో బండ మాని పైపు గ్యాస్‌కు మారుతున్నవారికి ఒక మాట. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే నేలబారున పరుచుకుంటుంది. పైపులో వచ్చేది మీథేన్, గాలిలో దాదాపు సగం బరువు, కప్పుకు చేరుతుంది. మొదటిదానికి కిటికీ కింద సందు కావాలి, రెండోదానికి పైన. జెట్ కూడా మార్చాలి, పైపు గ్యాస్‌కు బెజ్జం పెద్దది. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం గాలితో సమానమైన బరువు కాబట్టి గదంతా కలిసిపోతుంది.

బ్రిటన్ బొగ్గు గనుల్లో 1986 దాకా దాన్ని పసిగట్టింది పంజరాల్లోని కానరీ పిట్టలు. ఇప్పుడు అరచేతిలో పట్టే అలారాలు ఉన్నాయి. దక్షిణ కొరియాలో 2018 డిసెంబరులో, పరీక్షలు అయిపోయాయన్న సంతోషంతో గాంగ్‌నుంగ్ వెళ్ళిన పదిమంది సోల్ విద్యార్థులు ఒక అతిథిగృహంలో పడుకున్నారు. బాయిలర్ పొగగొట్టం అతుకు ఊడి ఉంది. ముగ్గురు మళ్ళీ లేవలేదు. ఆ తరవాత ఆ దేశంలో కొత్త గ్యాస్ బాయిలర్‌తోపాటు అలారం తప్పనిసరి చేశారు. అలారం కొనేటప్పుడు వెనక ముద్రించిన తేదీ చూడండి. లోపలి సెన్సారు అయిదు నుంచి పదేళ్ళే పనిచేస్తుంది. బ్యాటరీ కొత్తది వేసినా అది తిరిగి బతకదు.