సిగ్నల్ ఫుల్.. అయినా వీడియో కాల్ ఆగుతోందా? అరకు నుంచి సింగపూర్ దాకా ‘పింగ్’ లెక్క ఇదే..!

ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. స్పీడ్ టెస్ట్‌లో ఎంబీపీఎస్ కూడా బాగానే చూపిస్తుంది. అయినా వీడియో కాల్‌లో మాట లేటుగా వినిపిస్తుంది. రేషన్ దుకాణంలో ఈ-పోస్ మిషన్ మీద వేలు పెడితే టైమ్ అవుట్ అంటుంది. చాలాసార్లు దీనికి కారణం స్పీడ్ కాదు.. లేటెన్సీ.

లేటెన్సీ అంటే..?

మన ఫోన్ నుంచి వెళ్లిన డేటా సర్వర్‌ను తాకి తిరిగి రావడానికి పట్టే సమయం. దీన్నే పింగ్ అంటారు. సెకనులో వెయ్యో వంతు, అంటే మిల్లీసెకన్లలో కొలుస్తారు. ఇది ఎంత తక్కువైతే అంత మంచిది.

దూరం లెక్క ఇలా..

ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే ప్రతి 1,000 కిలోమీటర్లకు రానుపోను 10 మిల్లీసెకన్లు. అరకు నుంచి విశాఖ మీదుగా చెన్నై సుమారు 900 కిలోమీటర్లు. అక్కడి నుంచి సముద్రం అడుగున సింగపూర్‌కు మరో 3,200. మొత్తం 41 మిల్లీసెకన్లు. ఈ దారిలో ఇంతకంటే తగ్గడం కుదరదు. అమెరికా సర్వర్‌కైతే మామూలుగా 200 దాటుతుంది.

ఏజెన్సీలో చిక్కెక్కడ?

కొండ అడ్డొస్తే సిగ్నల్ బలహీనపడుతుంది. దారిలో పోయిన డేటాను మళ్లీ పంపాలి. సంత రోజున, టూరిస్టుల సీజన్‌లో ఒకే టవర్‌పై అందరూ పడితే క్యూ పెరుగుతుంది. ఫైబర్ చేరని మారుమూల టవర్లకు శాటిలైట్ లింక్ వాడితే ఇంకా ఆలస్యం. భూస్థిర ఉపగ్రహం ఉండేది 35,786 కిలోమీటర్ల ఎత్తులో. డేటా దాని మీదుగా సర్వర్‌కు వెళ్లి, మళ్లీ దాని మీదుగానే తిరిగి రావడానికే సుమారు 480 మిల్లీసెకన్లు.

విశాఖకు కేబుల్ వస్తే మారుతుందా?

విశాఖలో ఏఐ హబ్‌తో పాటు అంతర్జాతీయ సముద్ర కేబుళ్ల గేట్‌వే ఏర్పాటు చేస్తామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. చెన్నై దాకా వెళ్లే పని తప్పితే సుమారు 8 మిల్లీసెకన్లు ఆదా. కానీ పాడేరు, ముంచంగిపుట్టు కొండల్లోని ఫోన్‌కు అసలు తేడా తెలియాలంటే ముందు ఊరి టవర్ దాకా ఫైబర్ చేరాలి.

మీరే చెక్ చేసుకోండి

* స్పీడ్ టెస్ట్ యాప్‌లో ముందు విశాఖ లేదా చెన్నై సర్వర్, తర్వాత సింగపూర్ సర్వర్ ఎంచుకోండి.
* దగ్గరి సర్వర్‌కే పింగ్ ఎక్కువగా వస్తే సమస్య లోకల్ నెట్‌వర్క్‌లోనే అనుకోవచ్చు.
* దగ్గర తక్కువ, దూరం ఎక్కువ వస్తే అది దూరం ప్రభావం, లేదా సముద్ర కేబుల్ సమస్య.
* ఉదయం, రాత్రి వచ్చిన అంకెలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఫిర్యాదు చేసేటప్పుడు పనికొస్తాయి.