ఆటిజమును సంఘము చూచు తీరు

పిల్లల పెంపకమును గూర్చి ఎప్పుడు ప్రసంగము ప్రసారము చేసినను, శ్రోతలు మాకు వ్రాయు జాబులలో ఒక ప్రశ్న తరచు కనిపించును: "మా పిల్లవాడు ఇట్లుండుటకు మా పెంపకములోని లోపమే కారణమా?"

ఆ పిల్లవాడు పేరుపెట్టి పిలిచినను తిరిగి చూడడు. రేడియోలో విన్న ప్రకటనను మాత్రము పొల్లు పోకుండ అప్పగించును. తోటివారు ఆడుకొనుచుండగా తానొక్కడే అగ్గిపెట్టెలను వరుసగా పేర్చుకొనును. ఆ వరుస కదిలినచో గంటసేపు ఏడ్చును. ఇట్టి బిడ్డను చూచి ఒక యింట "మగపిల్లలకు మాటలు ఆలస్యమే, వాళ్ళ నాన్నకు నాలుగేండ్లకు గాని రాలేదు" అందురు. ఒక యింట తల్లి గారాబమందురు. వేరొక యింట దిష్టి తీసి తాయెత్తు కట్టుదురు. వైద్యులు దీనినే ఆటిజం అందురు. మనము ఏ పేరు పెట్టుదుమో దానిని బట్టియే ఆ బిడ్డకు సాయము అందుటయో, అందకపోవుటయో జరుగును.

ఆటిజం మెదడు ఎదుగుదలలోని భేదము. అది అంటువ్యాధి కాదు. వంశగతమైన కారణములకు అందులో పెద్ద పాలున్నది. ఈ సంగతి తెలియుటకు వైద్యలోకమునకే చాలకాలము పట్టినది. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను గూర్చి వ్రాసెను. వారి తల్లిదండ్రులు చాలవరకు విద్యాధికులు. ప్రసిద్ధ వైద్యుని వెదకి చూపించుకొనగలవారు ఆనాడు అట్టివారే గదా! లోకము మాత్రము దీనిని వేరుగా గ్రహించినది. ఆ తల్లుల మనస్సు మంచువలె చల్లనిదనియు, అందుచేతనే బిడ్డలు ముడుచుకొనిపోయిరనియు ప్రచారమయ్యెను. తానును అట్టి బిడ్డకు తండ్రియైన మనశ్శాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లో ఈ వాదమును ఖండించెను. 1977లో బ్రిటనులో కవలపిల్లలపై జరిగిన పరిశోధన వంశగత కారణమును బలపరచినది. అంతవరకు ఎందరో తల్లులు చేయని తప్పునకు నింద మోసిరి.

దక్షిణ కొరియాలో ఈ కథ మరొక మలుపు తిరిగినది. అచ్చటి కుటుంబములతో మాటలాడిన అమెరికను మానవశాస్త్రజ్ఞుడు రాయ్ రిచర్డ్ గ్రింకర్ ఒక విచిత్రమును గమనించెను. ఆటిజం అనిన వంశమునకు మచ్చ వచ్చును. తోబుట్టువుల పెండ్లిసంబంధములు చెడును. అందుచేత "తల్లి ప్రేమ చాలక కలిగిన లోపము" అను నిర్ణయమునే కొందరు తల్లులు కోరుకొనిరి. ఇంటిపేరు కాపాడుటకు నిందను తమపై వేసికొనిరన్నమాట. ఆయన పాల్గొన్న సర్వే 2011లో వెలువడినది. అందులో 38 మందిలో సుమారు ఒక బిడ్డకు ఆటిజం కలదని తేలెను. వారిలో మూడింట రెండువంతులు సాధారణ పాఠశాలలలో, ఎవరును గుర్తింపక, ఏ సాయమును లేక ఉండిరి. సంబంధముల భయము మన యిండ్లకు మాత్రము క్రొత్తదా?

లక్షణములను చూచుటలోను ఆచారము అడ్డు వచ్చును. ఎదుటివారి కన్నులలోనికి చూడకపోవుట ఒక గురుతని పాశ్చాత్య గ్రంథములు చెప్పును. పెద్దల యెదుట తల వంచుకొనుమని మనము నేర్పుదుము. కావున ఆ యొక్క గురుతుతో తీర్పు చేయరాదు. బిడ్డ పిలిచిన పలుకునా, "అదిగో" అని వ్రేలితో చూపి తన సంతోషమును తల్లితో పంచుకొనునా అనికూడ చూడవలెను.

మన దేశమున 1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజం పేరు లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టమున దానికి చోటు దొరికినది. 2016 చట్టమున వైకల్యముల పట్టికలో చేరినది. న్యూజీలండులోని మావోరీలకు 2017లో దీనికి "టకివాటంగా" అను మాట ఏర్పడినది. తన కాలములో, తన చోటులో ఉండుట అని దాని భావము.

ఏడాదిన్నర నిండినను పిలుపునకు తిరుగని, వ్రేలితో చూపని బిడ్డను బాలవైద్యునికి చూపుట మంచిది. మాటలు వాటంతట అవే వచ్చునని ఏండ్లు గడపరాదు. ఇక ఆ జాబులకు మా సమాధానము ఒక్కటే: అమ్మా, ఇది మీ పెంపకములోని లోపము కాదు. ఈ మాటను ఇంటిలోని పెద్దలకును, ఇరుగుపొరుగువారికిని వినిపింపుడు.