మూడు గంటల మెలకువ

గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో చాలా ఇళ్ల గడియారం షిఫ్టులతోనే నడుస్తుంది. ఉదయం 7 గంటలకు మొదటి షిఫ్టు, మధ్యాహ్నం 3కు రెండో షిఫ్టు, రాత్రి 11కు నైట్ షిఫ్టు. ఏళ్ల తరబడి అలా పనిచేసి రిటైరైన కార్మికుడికి ఇక బాయికి పోవలసిన అవసరం లేదు. అయినా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. ఎంత దొర్లినా మళ్లీ నిద్ర పట్టదు. ఇల్లంతా నిద్రపోతుంటే, బిడ్డ పెళ్లికి చేసిన అప్పు, కొడుకు ఉద్యోగం, నడుము నొప్పి ఒక్కొక్కటిగా గుర్తుకొస్తాయి. పగలు చిన్నదిగా కనిపించే చింత కూడా ఆ వేళ కొండంత అవుతుంది.

మన సంఘాల్లో ఇలాంటి వారికి సాధారణంగా రెండు మాటలు చెబుతుంటారు. 'దేవుడే లేపాడు, లేచి ప్రార్థన చెయ్యి' అన్నది మొదటిది. 'విశ్వాసం తగ్గింది, అందుకే నిద్ర లేదు' అన్నది రెండోది.

మొదటి మాటలో కొంత సత్యముంది. యేసు ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి, ఏకాంత స్థలానికి వెళ్లి ప్రార్థించాడు (మార్కు 1:35). అయితే ఆయన ప్రార్థించాలని లేచాడు. నిద్ర రాక అలసిపోయి లేవడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా చూస్తే, అసలే అలసినవాని భుజం మీద మరో తట్ట ఎత్తినట్టే.

రెండో మాటకు యోబు జీవితమే జవాబు. యథార్థవంతుడని దేవుడే సాక్ష్యమిచ్చిన ఆ భక్తుడు, రాత్రి ఎంతకూ గడవక తెల్లవారేదాకా దొర్లుతున్నానని మొరపెట్టాడు (యోబు 7:4). అదే గ్రంథం 28వ అధ్యాయంలో మనుషుల సంచారానికి దూరంగా గని తవ్వేవారు, చీకటిని పారదోలుతూ వేలాడుతూ పనిచేసేవారు కనిపిస్తారు. గని కార్మికుని కష్టం, నిద్రలేని రాత్రి రెండూ బైబిలుకు తెలుసు.

మన శరీరంలో దేవుడు ఒక గడియారం పెట్టాడు. అది పగటి వెలుతురును బట్టి నడుస్తుంది. కణాల్లో అదెలా పనిచేస్తుందో కనుగొన్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. షిఫ్టు తరచూ మారితే ఆ గడియారం కుదురుకోలేదు. పైగా గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలోనే పడుతుంది. తెల్లవారుజాము నిద్ర పలుచన, వయసు మీద పడితే మరీ పలుచన. నిద్ర కోసం కొందరు తాగే మద్యం అర్ధరాత్రి దాటాక ఆ నిద్రనే చెడగొడుతుంది.

కొన్నిసార్లు కారణం భయం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించారు. భర్తనో కొడుకునో నైట్ షిఫ్టుకు పంపిన ఇల్లాలు మూడింటికి లేచి తలుపు వైపు చూస్తే, అది అవిశ్వాసమని ఎవరనగలరు?

మరికొన్నిసార్లు అది జబ్బు. తెల్లవారకముందే మెలకువ వచ్చి, ఉదయం పూట మనసు మరీ కుంగిపోయి, దేని మీదా ఆశ కలగకపోతే అది డిప్రెషన్ లక్షణం కావచ్చు. వారంలో మూడు రాత్రులు చొప్పున మూడు నెలలు నిద్ర కరువైతే డాక్టరును కలవాలి. బ్రతుకు చాలనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. చావును కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. ఆ తరువాతే ప్రయాణానికి పంపాడు (1 రాజులు 19). వైద్యం చేయించుకోవడం ఆ రొట్టెను అందుకోవడం వంటిదే.

మూడింటికి మెలకువ వస్తే ఏం చేయాలి? టైము చూడవద్దు, ఫోను ముట్టుకోవద్దు. కొంతసేపటికీ నిద్ర రాకపోతే లేచి, మసక వెలుతురులో ఊరకే కూర్చోవచ్చు. దీర్ఘ ప్రార్థన రాకపోతే చింత పేరు చెప్పి 'ప్రభువా, ఇది నీది' అంటే చాలు. కునుకు రాగానే పడుకోవాలి. తన ప్రియులు నిద్రిస్తుండగానే దేవుడు వారికి ఇస్తాడని 127వ కీర్తన బోధిస్తోంది. ఆయన కునకడని 121వ కీర్తన చెబుతోంది. కాపలా ఆయనది గనుక, పడుకోవడం కూడా విశ్వాసమే.

సంఘానికీ ఒక బాధ్యత ఉంది. నైట్ షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడు క్వార్టర్లో పగలు నిద్రపోతుంటాడు. ఆ వేళ మన మైకు శబ్దం తగ్గిద్దాం. ఆదివారం ఆరాధనలో ఆయన కునికితే పక్కవారు మోచేత్తో పొడవవద్దు. రాత్రంతా మేలుకొని కూడా ఆయన దేవుని సన్నిధికి వచ్చాడు. ఆ కాసేపు ఆయనను అక్కడ విశ్రమించనిద్దాం.