పూర్తిగా పూడిన గుండె నాళం: భయమూ వద్దు, తొందరా వద్దు

“నూటికి నూరు శాతం మూసుకుపోయింది.” యాంజియోగ్రాం నివేదికలోని ఈ ఒక్క మాటకే పల్నాటి ఇళ్లలో కుటుంబాలకు కుటుంబాలు కుంగిపోతున్నాయి. ఇక చేయగలిగింది లేదని కూలబడేవారు కొందరు. రేపే స్టెంటు వేయించాలని పొలం బేరం పెట్టేవారు మరికొందరు. ఈ రెండూ సరికావని మేము మనవి చేయదలచాము.

గుండె నాళం పూర్తిగా పూడి మూడు నెలలు దాటితే దానిని దీర్ఘకాలిక సంపూర్ణ అవరోధం అంటారు. ఇది అప్పటికప్పుడు వచ్చే గుండెపోటు వంటిది కాదు. సాగర్ కుడి కాలువ కింద ఒక కాలువ పూడితే పక్క కాలువల నుండి చేనుకు కొంత నీరు చేరినట్లే, ఇరుగుపొరుగు నాళాల నుండి సన్నని పిల్లనాళాలు గుండె కండరానికి కొంత రక్తాన్ని అందిస్తాయి. కండరం బ్రతికి ఉంటుంది. కానీ మసీదు మెట్లెక్కినా, మిరప చేలో పని చేసినా ఛాతీ బరువెక్కుతుంది.

1977 సెప్టెంబరు 16న జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ తొలిసారిగా గుండె నాళాన్ని బెలూనుతో వెడల్పు చేశారు. పూర్తిగా పూడిన నాళానికి కూడా నేడు మొదట వాడేవి మామూలు యాంజియోప్లాస్టీ సాధనాలే: 0.014 అంగుళాల తీగ, దానికి ఊతమిచ్చే సన్నని గొట్టం, బెలూను, స్టెంటు. మెత్తని కొన గల తీగ సాగకుంటే గట్టి కొన గల దానిని వాడతారు. అవసరమైతే రెండు వైపుల నుండి రంగుమందు ఎక్కించి పూడిక అవతలి అంచును కూడా చూస్తూ తీగను నడుపుతారు. నాళానికి చిల్లు పడవచ్చు, మూత్రపిండాలపై భారం పడవచ్చు. కనుక ఇందులో అనుభవం గల వైద్యుడే ముఖ్యం.

ఈ చికిత్సతో ప్రధానంగా నొప్పి, ఆయాసం తగ్గుతాయి. ఆయుష్షు పెరుగుతుందని పరిశోధనలలో రుజువు కాలేదు. అందుకే ముందు మందులు వాడి చూడాలి. అయినా బాధ తగ్గకుండా, కండరం సజీవంగా ఉంటే అప్పుడు యాంజియోప్లాస్టీ. పలు నాళాలు పూడినవారికి, ముఖ్యంగా మధుమేహం ఉంటే, బైపాస్ మేలు కావచ్చు. వైద్యుని ఈ మాటలు అడగడం మన హక్కు.

ఖర్చు విషయానికి వస్తే, 1990లలో అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు కలిసి హైదరాబాదులో చౌక స్టెంటును రూపొందించారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంటు గరిష్ఠ ధరను 29,600 రూపాయలుగా నిర్ణయించింది; తరువాత సవరణలు జరిగాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం తమకు వర్తిస్తుందేమో నరసరావుపేటలోనైనా, గుంటూరులోనైనా నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే విచారించాలి. ఆ తరువాతే పొలం మాట.

స్టెంటు వేసిన తరువాత రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలను సొంతంగా ఆపడం ప్రాణాంతకం. రమజాన్‌లో కూడా ఇదే నియమం. రోగికి అల్లాహ్ ఉపవాసంలో సడలింపు ఇచ్చాడు. సహరీ, ఇఫ్తార్ వేళలకు మాత్రలను సర్దవచ్చునా, అసలు ఉపవాసం తగునా అన్నది నెల ముందే వైద్యునితో మాట్లాడుకోవాలి. బీడీ, సిగరెట్టు పూర్తిగా మానాలి.

చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించారు. ప్రయత్నం మన బాధ్యత, స్వస్థత అల్లాహ్ అనుగ్రహం. ఇంటి పెద్దల ఛాతీ బరువును “వయసు” అని, తల్లుల ఆయాసాన్ని “అలసట” అని వదిలేయక, వారిని నేడే వైద్యుని వద్దకు తీసుకువెళ్దాం.