కొన్న ప్రాజెక్టు కొలువు తేదు!

సొంతంగా రాసిన చిన్న ప్రోగ్రామే ఇంటర్వ్యూలో సాక్ష్యం
పని వచ్చినా చూపించే పద్ధతి తెలియక వెనుకబడుతున్న గ్రామీణ విద్యార్థులు

బీటెక్ చివరి సంవత్సరం వచ్చిందంటే విద్యార్థులకు ప్రాజెక్టు చింత మొదలవుతుంది. ఎంసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ చదివే వారిదీ ఇదే పరిస్థితి. హైదరాబాద్‌లోని అమీర్‌పేట మొదలుకొని జిల్లా కేంద్రాల వరకు ప్రాజెక్టులు చేసిపెడతామనే బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. వేల రూపాయలు చెల్లిస్తే కోడ్, నివేదిక, వైవాలో చెప్పాల్సిన జవాబులతో సహా అన్నీ చేతికి వస్తాయి. ఒకప్పుడు సీడీలో ఇచ్చేవారు, ఇప్పుడు ఫోన్‌కు లింకు పంపుతున్నారు. అంతే తేడా. వైవా గట్టెక్కుతుంది, మార్కులూ పడతాయి. అసలు చిక్కు ఆ తర్వాతే. ఉద్యోగ ఇంటర్వ్యూలో ‘ఈ వరుస ఎందుకు రాశావు?’ అని ఒక్క ప్రశ్న వేస్తే అభ్యర్థికి నోరు పెగలదు.

పేరున్న కళాశాలల్లో చదివిన వారికి ప్రాంగణ నియామకాలుంటాయి, సీనియర్ల సిఫారసులుంటాయి. మండల కేంద్రంలోని డిగ్రీ కళాశాలలో చదివిన రైతు బిడ్డకు అవేవీ ఉండవు. తాను చేసిన పని తప్ప అతనికి వేరే పరిచయపత్రం లేదు. కాబట్టి సొంతంగా ఒక ప్రోగ్రాం రాసి, ఎవరైనా తెరిచి చూడగలిగేలా ఉంచడం అందరికంటే అతనికే ఎక్కువ అవసరం.

చిన్నదని సంకోచం వద్దు

‘ఇది చూపించదగినదేనా?’ అనే బిడియమే చాలామందిని ఆపేస్తోంది. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న తోటి కంప్యూటర్ ప్రియులకు ఒక సందేశం పంపారు. సరదా కోసం ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని, అది పెద్దదేమీ కాబోదని, అందులో ఏమేం ఉండాలో చెప్పమని కోరారు. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్లు. ఆ ప్రోగ్రామే లినక్స్‌గా ఎదిగింది. నేటి ఆండ్రాయిడ్ ఫోన్లకు అదే మూలం. అందరూ అంతటి వారు కానక్కరలేదు. గమనించాల్సింది ఒక్కటే: ఆయన పని పూర్తయ్యాక కాదు, సగంలో ఉండగానే చూపించారు.

పాల కేంద్రమూ ప్రాజెక్టే

ఊళ్లోని సమస్యను తీసుకుంటే ఎవరి దగ్గరా టైటిల్ కొనాల్సిన పని లేదు. పాల సేకరణ కేంద్రాన్నే చూద్దాం. రైతు రెండు పూటలా పాలు పోస్తాడు. వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న మినహా మిగిలిన ఘనపదార్థాలు) ఆధారంగా ధర కడతారు. పది, పదిహేను రోజులకోసారి బిల్లు వస్తుంది. అందులోని లెక్క చాలామంది రైతులకు అంతుపట్టదు. లీటర్లు, వెన్న, లాక్టోమీటరు రీడింగు నమోదు చేస్తే రావాల్సిన మొత్తం చూపే పేజీని బీఎస్సీ రెండో ఏడాది విద్యార్థి సైతం రాయగలడు.

రాయడం మొదలుపెట్టాక అసలు చదువు ఎదురవుతుంది. లాక్టోమీటరు రీడింగును నాలుగుతో భాగించి, దానికి వెన్న శాతంలో సుమారు అయిదో వంతును, ఒక స్థిరాంకాన్ని కలిపి ఎస్‌ఎన్‌ఎఫ్ లెక్కిస్తారు. ఆ స్థిరాంకం అన్నిచోట్లా ఒకటి కాదు. దానిని కోడ్ మధ్యలో పాతేస్తే పక్క ఊరి కేంద్రానికి ఆ ప్రోగ్రాం పనికిరాదు. మార్చుకునే వీలుండేలా విడిగా పెట్టాలి.

ఇంకో ముడి పైసల దగ్గర పడుతుంది. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.1కి 0.2 కలిపితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ సంఖ్యలను ద్విసంఖ్యామానంలో దాచుకుంటుంది. మనం మూడో వంతును 0.333... అని తెగకుండా రాసినట్లే, దానికి పదో వంతు తెగదు. అందుకే డబ్బును రూపాయల్లో కాక పైసల్లో, పూర్ణాంకాలుగా ఉంచడం మేలు. ప్రతి పూటా రూపాయికి సవరిస్తే ఒక మొత్తం, బిల్లు చివర ఒక్కసారే సవరిస్తే మరో మొత్తం రావచ్చు. కేంద్రంలో ఏది పాటిస్తున్నారో అడిగి తెలుసుకోవాల్సిందే. ఇవన్నీ ఎదుర్కొన్న విద్యార్థి ఇంటర్వ్యూలో అరగంటైనా మాట్లాడగలడు. ముఖ గుర్తింపు, స్టాక్ మార్కెట్ అంచనా వంటి బరువైన టైటిళ్లు కొన్నవాడు రెండు నిమిషాలు నిలవడం కష్టం.

ఎక్కడ ఉంచాలి?

కోడ్‌లో మార్పులను తేదీలతో సహా నమోదు చేసే ‘గిట్’ను 2005లో టోర్వాల్డ్సే రూపొందించారు. దాని ఆధారంగా 2008లో వచ్చిన గిట్‌హబ్‌లో (2018లో మైక్రోసాఫ్ట్ కొనుగోలు చేసింది) ఖాతా ఉచితం. కోడ్ మొత్తాన్ని చివరి రోజు ఒకేసారి ఎక్కిస్తే చూసేవారికి అనుమానం కలుగుతుంది. వారాల తరబడి చిన్న చిన్న మార్పులు, దిద్దుబాట్లు కనిపిస్తే ఆ పని ఎలా పెరిగిందో వారికే అర్థమవుతుంది. తప్పులు సరిచేసిన జాడలు చెరపనక్కరలేదు.

‘రీడ్‌మీ’ అనే ఫైలును ఎక్కువమంది ఖాళీగా వదిలేస్తున్నారు. చూసేవారు తొలుత చదివేది దానినే. ప్రోగ్రాం ఎవరి కోసం, ఏం చేస్తుంది, ఎలా నడపాలి, ఇంకా ఏది పూర్తి కాలేదు అన్నవి సరళంగా రాసి, రెండు తెర చిత్రాలు జోడిస్తే చాలు. నలుగురు కలిసి చేసినదైతే తన వంతు ఏమిటో స్పష్టంగా పేర్కొనాలి. ఇతరుల కోడ్ వాడితే వారి పేరు చెప్పడం మర్యాద, చాలా లైసెన్సుల ప్రకారం విధి కూడా. పాల లెక్క వంటి సాధారణ పేజీని గిట్‌హబ్ పేజెస్ ద్వారా ఉచితంగానే నడిచే స్థితిలో ఉంచవచ్చు. సర్వర్, డేటాబేస్ అవసరమైన వాటికి ఇది సరిపోదు.

తాళంచెవి బయట పెట్టొద్దు

పాస్‌వర్డులు, ఏపీఐ కీలు కోడ్‌లో ఉంచి బహిరంగంగా పెట్టడం ప్రమాదకరం. వాటి కోసం వెతికే యంత్రాలు నిరంతరం తిరుగుతుంటాయి. తర్వాత తొలగించినా పాత మార్పుల చరిత్రలో అది మిగిలే ఉంటుంది. పొరపాటున బయటపడిన కీని వెంటనే రద్దు చేసి కొత్తది తీసుకోవడమే మార్గం. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు అసలే పెట్టరాదు. నమూనాకు కల్పిత పేర్లు చాలు.

కృత్రిమ మేధ సాధనాలు అడిగిందే తడవుగా కోడ్ రాసిపెడుతున్న కాలమిది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక డబ్బు పెట్టి ప్రాజెక్టు కొనాల్సిన అవసరమూ తగ్గింది! వాటి సాయం తీసుకోవడం తప్పు కాదు. అయితే ఇంటర్వ్యూలో ‘ధర పట్టిక మారితే ఎక్కడ మారుస్తావు? ఇప్పుడే మార్చి చూపించు’ అని అడిగితే, అర్థం చేసుకోకుండా అతికించినవాడి స్థితి కొన్నవాడి స్థితి కంటే మెరుగేమీ కాదు.

లింకులు బతికున్నాయో లేదో కూడా చూసుకుంటుండాలి. విద్యార్థులు విరివిగా వాడిన హెరోకు సంస్థ 2022 నవంబరులో ఉచిత సేవ నిలిపివేయడంతో, దానిపై నడిచిన ప్రాజెక్టులు మూగబోయాయి. రెజ్యూమెల్లో లింకులు మాత్రం మిగిలాయి. దరఖాస్తు పంపే ముందు ఆ లింకును వేరొకరి ఫోన్‌లో తెరిచి చూడాలి. ప్రైవేటుగా ఉంచిన కోడ్ తన ఫోన్‌లో లాగిన్ అయి ఉండటం వల్ల తెరుచుకుంటుంది, ఇతరులకు మాత్రం పేజీ లేదనే వస్తుంది.